కంప్యూటర్లో కూలిన మా అత్త ఇల్లు

పుంగనూరును నేను పేల్చినన్ని సార్లు ఇంకెవరూ పేల్చి ఉండరు. అన్నీ పట్టపగలే, మదనపల్లెలో మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని. పొద్దున తొమ్మిదిన్నరకు రన్ మొదలుపెడితే మర్నాడు సాయంత్రానికి గానీ ఊరు పూర్తిగా కూలేది కాదు. నిజంగా అయితే రెప్పపాటులో ముగిసే పనిని ఆ కంప్యూటరు రోజున్నర నమిలేది. మధ్యలో కరెంటు పోతే ఊరు బతికిపోయేది, నేను మళ్ళీ మొదటినుంచి పేల్చుకోవాల్సి వచ్చేది.

ఇదంతా నా ఎంటెక్ ప్రాజెక్టు. ఇళ్ళు కిక్కిరిసిన బజారులో పేలుడు జరిగితే ఆ గాలి దెబ్బ వీధుల్లో ఎట్లా పరుగెడుతుంది, ఏ గోడను ముందు తోస్తుంది అని సాఫ్ట్‌వేర్లో చూడడం. ఎక్కడ గోడ మందం పెంచాలో, ఎక్కడ అద్దాలు పెట్టకూడదో చెప్పడానికి పనికొచ్చే చదువే. కానీ మా గైడు సారుకు ఒక పట్టుదల ఉండేది. ఊహించి గీసిన ఊరు పనికిరాదు, నిజమైన ఊరే కావాలన్నాడు. నాతోటివాళ్ళు బెంగళూరును పేటలు పేటలుగా పంచేసుకున్నారు. నేను ఆలస్యంగా పోయాను.

"నీది ఏ ఊరు?" అన్నాడు సారు.

"పుంగనూరు సార్."

"అదే పెట్టేయ్. కానీ బయటెక్కడా బాంబు అనే మాట ఎత్తొద్దు. గాలి ఒత్తిడి అని చెప్పు."

సరేనని టేపూ నోటుబుక్కూ పట్టుకుని మా బజారు వీధిలో గోడలు కొలవడానికి దిగాను. గాలి ఒత్తిడి అని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. మా ఊర్లో టేపుతో పాటు నోటుబుక్కు కనిపించిందంటే రోడ్డు వెడల్పు చేస్తున్నారని అర్థం. మొదటి ఇంటాయన తలుపేసుకున్నాడు. రెండో ఇంటామె చెంగు నడుముకు దోపుకుని వచ్చి, "మాది ఎన్నడుగులు పోతాదమ్మా?" అంది. ఏమీ పోదమ్మా అన్నాను. "ముందర అందరూ అట్లనే అంటారు" అంది. మూడో రోజుకు ఒకాయన ఎవరూ అడగకుండానే గడ్డపార తీసుకుని, కాలవ మీదికి కట్టుకున్న తన మెట్లను తనే పగలగొట్టుకున్నాడు. ఇంకో రెండు రోజులు కొలిస్తే బాంబు అవసరం లేకుండానే వీధి నేలమట్టమయ్యేలా ఉంది. భయపడి టేపు చుట్టేశాను.

ఊర్లో ఇంటి ప్లాన్లు గీసిచ్చే ఆయన ఒకడున్నాడు. మా వీధిలో సగానికి సగం ఇళ్ళ ప్లాన్లు ఆయన కంప్యూటర్లోనే ఉన్నాయి. అడిగితే టీ ఇచ్చి మరీ ఇచ్చాడు. ఎంత శుభ్రంగా ఉన్నాయో! గీతలన్నీ తిన్నగా, ప్రతి ఇంటి చుట్టూ ఖాళీ జాగా, గాలీ వెలుతురూ. అంత శుభ్రం చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నేనూ పుంగనూరు దాన్నే అయినా, చదువుకున్న తెలివి అటువంటిది.

ఆ వీధిలోనే మా మేనత్త ఇల్లుంది. ఆమె సంగతి చెప్పాలి. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో జీవితమంతా ఆయాగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రి క్వార్టర్సులో తన మంచం పక్కన చాప వేసి నన్ను పడుకోబెట్టుకుని చదివించింది. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పోసి పుంగనూరులో రెండు గదులూ వంటిల్లూ కట్టింది. మా వాళ్ళంతా ఒకరి పొలాల్లో కూలికి పోయి, ఒకరి వసారాల్లో తలదాచుకున్నవాళ్ళు. మా వంశంలో అదే మొదటి మిద్దె. ఆ ఇంటి తలుపు తీయడం కూడా ఆమె ఒక పద్ధతిగా తీస్తుంది, ముందు ఒక రెక్క, కాసేపాగి ఇంకో రెక్క.

సారు దాచమన్న మాట అత్త దగ్గర దాగలేదు. ప్రతి గురువారం సాయంత్రం చర్చి సంఘంలోని ఆడవాళ్ళు ఆమె ముందుగదిలో ప్రార్థనకు కూడతారు. చివర్లో ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకోవాలి. ఒకామె మోకాళ్ళ నొప్పులు చెప్పింది, ఇంకొకామె కొడుకు ఉద్యోగం చెప్పింది. అత్త వంతు వచ్చింది.

"మా పాప కంప్యూటర్లో బాంబు పెట్టిండాది. అది బాగా పేలాలని అందరూ ప్రార్థన సెయ్యండమ్మా."

అందరూ ఆమెన్ అన్నారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నేనూ అన్నాను.

పేలుడు ఎక్కడ పెట్టాలనేది ఇంకో తంటా. సొంత ఊర్లో పేల్చడానికి చోటు వెదకడమంత పాడు పని లేదు, ఎక్కడ వేలు పెట్టినా తెలిసినవాళ్ళే. చర్చి దగ్గర పెడితే అత్త ఊరుకోదు. బస్టాండు దగ్గర పెడితే ఫలితమంతా బస్సులే మింగేస్తాయి. చివరికి మా వీధి మలుపులో, పొద్దునే పాలక్యాన్లు దించే చోట పెట్టాను. ఆ పాలకేంద్రం నడిపేది అత్త పక్కింటాయనే.

రన్ ముగిసింది. నీలం, పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో గాలి దెబ్బ మా వీధిలోకి దూరింది. నాకు ఎంత సంబరమో! ఫోన్లో వీడియో వేసుకుని పుంగనూరు బస్సెక్కాను. అత్తను కూర్చోబెట్టి చూపించాను. ఇది మలుపు, ఇది చర్చి, ఇది మనిల్లు అని వేలు పెట్టి మరీ చెప్పాను. మనిల్లు ఎర్రగా మారి, మూడు వైపులా గోడలు ఊడి, కప్పు కిందికొచ్చింది. పక్కింటాయన ఇల్లు పచ్చగా అట్లాగే నిలబడింది.

అత్త ఇంకోసారి వెయ్యమంది. వేశాను. మళ్ళీ పడింది.

"మనదొక్కటే పడిందే" అంది.

"ఇంకా రెండు పడినాయిలే అత్తా, ఆ పక్క సూడు" అన్నాను. అటువంటి ఓదార్పు మాట ఆ క్షణంలో నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

రెండు రోజుల తర్వాత ఫోను చేస్తే అత్త కుప్పంలో ఉంది. కుక్కరూ, గోడ గడియారమూ, గుమ్మం మీది బైబిలు వాక్యం పలకా ఊడదీసుకుని, ఇంటికి తాళమేసి, మా చిన్నాన్న ఇంటికి చేరిపోయింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, సంఘం ఆడవాళ్ళు కూడా అడ్డుచెప్పకుండా ఆమెను బస్సెక్కించి వచ్చారు. ఆ గురువారం ఇంకొకరి ఇంట్లో కూడి, అత్త ఇల్లు పడిపోకూడదని ప్రార్థన చేశారు. నా బాంబు బాగా పేలాలన్న పాత మనవిని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఒకే నోళ్ళ నుంచి వచ్చిన ఆ రెండింటితో దేవుడేం చేశాడో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం అన్నం సయించలేదు. తన చేతికష్టంతో కట్టుకున్న ఇంట్లో ఆమె ఏడాది కూడా కుదురుగా ఉండలేదు. ఎవరూ వెళ్ళగొట్టని మనిషిని నేను వెళ్ళగొట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు పాలకేంద్రం ఆయన ఫోను చేశాడు.

"ఏమ్మా, ఎప్పుడు పేల్తాది? ఎనుముల్ని తోటకాడ కట్టెయ్యాల, ముందుగా సెప్పు."

"అది కంప్యూటర్లో అప్పా. నిజంగా కాదు."

"అది నాకూ తెలుసులేమ్మా. తేదీ అడుగుతాండా, అంతే." గొంతు తగ్గించాడు. "ఇంగొక మాట. మా కేంద్రం ముందరే యాల పెట్టినావు? ఎదురుగా మా దాయాది జాగా ఉండాది. రొంత ఆ పక్కకు జరిపితే నీకేం పోతాది?"

కుదరదన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. పోనీ తన ఇల్లేమైందని అడిగాడు. నిలబడిందప్పా, పగులు కూడా లేదని చెప్పాను. సంతోషంతో ఆయన గొంతు మారిపోయింది. కానీ ఫోను పెట్టెయ్యబోతూ ఆగాడు.

"అదెట్లమ్మా? మాకూ మీ అత్తకూ మద్దెలో గోడ ఒకటే గదా. నాది నిలబడి ఆమెది ఎట్ల పడ్తాది? ఆ గోడ ఎవరి పక్క ఉండాదంట?"

నేను ఫోను చెవి దగ్గర పెట్టుకునే ల్యాబులో తెర మీద బొమ్మ తెరిచాను. నా బొమ్మలో ఆ రెండిళ్ళ మధ్యా మూడడుగుల సందు ఉంది. ప్లాన్లో అట్లాగే ఉంది. ప్రతి ప్లాన్లోనూ అట్లాగే ఉంది. మా ఊర్లో అనుమతికి ఒక ఇల్లు గీయించి, ఆ కాగితం బీరువాలో దాచి, జాగా చివరంటా ఇంకో ఇల్లు కట్టుకోవడం అందరికీ తెలిసిన ఆనవాయితీ. చుట్టూ మూడడుగులు వదిలిన పుంగనూరు ఈ భూమ్మీద లేదు. ఆ లేని ఊర్ని నేను మూడు నెలలుగా పేలుస్తున్నాను. ఆ లేని సందుల్లోంచి గాలి దూరి మా అత్త ఇంటిని మూడు వైపులా కొట్టింది.

సారుకు చెప్పాను. ఆయన తల పట్టుకుని, కాసేపటికి, "మా ఇంటి ప్లాన్లో కూడా కారు షెడ్డు ఉంది, షెడ్డు లేదు, కారూ లేదు" అని ఒప్పుకున్నాడు.

ఈసారి టేపు లేకుండా అడుగులతో కొలిచాను, కూరగాయలు కొనడానికి పోతున్నట్టు. సందులు తీసేశాను, ఉమ్మడి గోడలు పెట్టాను. మళ్ళీ రన్ చేశాను. రోజున్నర కూర్చుని చూశాను. ఇల్లు నిలబడాలని మొక్కుకుంటూ పేలుడు చూసిన ఇంజినీరు నేనొక్కదాన్నే అయ్యుంటాను. పక్కగోడలు నిలబడ్డాయి. వంటిల్లు నిలబడింది. వెనక గది నిలబడింది. ముందుగది మాత్రం పడిపోయింది. సందులు మూసుకుపోయి వీధి ఇరుకైన కొద్దీ గాలి ఆ గోడను ఇంకా గట్టిగా కొట్టింది. ఇంకో రెండుసార్లు చేసినా అంతే.

అత్తకు ఆ మాట చెప్పడానికి కుప్పం పోయాను. చిన్నాన్న శాంతిపురం దారిలో గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీలో చేస్తాడు, ఇల్లూ ఆ పక్కనే. అత్త నాకు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. మనిషి చిక్కిపోయింది. గడియారం అట్టపెట్టెలోనే ఉంది, లోపలే టిక్కుటిక్కుమంటోంది. నేను నోరు తెరిచానో లేదో దూరంగా సైరను మోగింది, ఆ వెంటనే దబ్బుమని శబ్దమొచ్చింది. కిటికీ రెక్కలు అదిరాయి, గూట్లో గ్లాసులు గలగలమన్నాయి, పైనుంచి దుమ్ము రాలింది. అత్త కొంగు తీసి నా కాఫీ మీద కప్పింది.

"అత్తా, ఇది నిజం పేలుడు గదా!" అన్నాను.

"క్వారీ లేమ్మా. దినామూ టైముకొస్తాది, పోతాది. నీది అట్ల కాదు గదా, ఎప్పుడొస్తాదో తెలీదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెప్పేది చెప్పాను. ప్లాన్లు నమ్మి తప్పు చేశానని, సరిచేశానని.

"అబద్దం సెప్పద్దు" అంది. "నన్ను పిల్సుకోని పోవాలని సెప్తాండావా? నిలబడిందా, లేదా?"

నిలబడిందని చెప్పేద్దామనే బస్సంతా అనుకుంటూ వచ్చాను. కానీ ఆ కళ్ళ ముందు నోరు రాలేదు.

"ముందుగది పడిపోయిందత్తా. వంటిల్లూ వెనక గదీ నిలబడినాయి."

ఆమె నా కాఫీ మీది కొంగు తీసి దుమ్ము దులిపింది. "నేనెప్పుడూ వంటింట్లోనే గదా ఉండేది" అంది. ఇంకాసేపటికి, "గురువారాలు తప్ప" అంది. ఆ తర్వాత అనుమానంగా నా వైపు చూసింది.

"మరి నేను యాడుండాను దాంట్లో?"

"నువ్వు లేవత్తా. మనుషుల్ని పెట్టం. ఇండ్లు మాత్రమే."

"ఎవరూ లేరా? పాలాయన?"

"లేడు."

"ఊరంతా ఖాళీనా?" అత్తకు కోపమొచ్చింది. ఆస్పత్రిలో మురికి వార్డు చూసినప్పుడు వచ్చే కోపం అది. "మనిషి లేకుండా పెట్టి, పడింది పడింది అంటే? నేను లేని ఇంటికా నేను ఇన్ని దినాలు భయపడి ఈడ కూసున్నది? సూడు, నన్ను పెట్టు. వాకిట్లో పెట్టు. అప్పుడు సెప్పు నాకు."

మర్నాడు పొద్దున కుక్కరూ గడియారమూ పలకా సర్దుకుని నాతోపాటే బస్సెక్కింది. పుంగనూరులో తాళం తీసి, ముందు ఒక రెక్క, కాసేపాగి ఇంకో రెక్క తెరిచింది. పడిపోవాల్సిన ఆ ముందుగదిలోనే మంచం వేసుకుంది.

నేను ల్యాబుకు పోయి మాట నిలబెట్టుకున్నాను. వాకిలి దగ్గర అయిదడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు ఉన్న పెట్టె ఒకటి పెట్టాను. అత్త కొంచెం వంగి నడుస్తుంది గానీ, నిటారుగానే పెట్టాను.

వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన తెర మీద ఆ పెట్టె దగ్గర వేలు ఆపాడు.

"ఇదేమిటి? రిపోర్టులో లేదే."

"మా అత్త సార్."

మా గైడు సారు సీలింగు ఫ్యాను చూడసాగాడు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. దీనికి ఇటుకా, కాంక్రీటా, ఏ మెటీరియల్ ఇచ్చారని అడిగాడు. ఏమీ ఇవ్వలేదన్నాను. దీన్ని పెట్టాక రన్ చేశారా అన్నాడు.

"లేదు సార్. చెయ్యను."

ఆయన నన్ను చూశాడు, పెట్టెను చూశాడు, ఎందుకని మాత్రం అడగలేదు. పేజీ తిప్పాడు.

బయటికి రాగానే అత్త ఫోను. పాసయ్యానా లేదా అని కూడా అడగలేదు.

"నన్ను పెట్టినావా?"

"పెట్టినానత్తా. వాకిట్లోనే."

"నిలబడినానా? అబద్దం సెప్పద్దు."

"నిలబడే ఉండావత్తా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది, రన్ నొక్కలేదు.