జింకల నవల, మా చేను

నిన్న పొద్దున మా తమ్ముడు బల్మూరు నుంచి ఫోన్ చేసి, ఈసారి వేరుశనగ చేను చుట్టూ కరెంటు తీగ లాగుదామని, ఊళ్ళో అందరూ లాగుతున్నారని, నాకూ వాటా ఉంది కనుక మాటవరసకు అడుగుతున్నానని అన్నాడు. వద్దన్నాను. "గింకా ఆ పుస్తకంల జింకలనే పట్టుకొని కూసున్నవా అక్కా?" అని నవ్వాడు. అవును, పట్టుకునే కూర్చున్నాను. ఎందుకో నా ఈడు వాళ్ళకైతే చెప్పగానే అర్థమవుతుంది.

నా చిన్నప్పుడు మా మేనమామ వనపర్తి నుంచి వస్తూ తెచ్చిన పిల్లల నవల అది. ఒకే వేసవిలో పుట్టిన రెండు జింకపిల్లలు తల్లి వెంట తిరుగుతూ, గాలిలో వాసన పట్టడం, ఎండిన వాగులో చెలమ వెతకడం, ఆకు కదిలితే చెవులు రిక్కించడం నేర్చుకుంటూ కొమ్ములొచ్చేదాకా పెరిగే కథ. అట్ట ఊడిపోయేదాకా చదివాను. చిక్కల్లా ఏమిటంటే, మాది అడవి అంచున ఉన్న మెట్ట చేను. పుస్తకంలోని జింకలు నాకెంత ముద్దో, చేలో దిగే జింకలంటే మా ఇంట్లో అంత మంట. "ఏందే, గది సదివినంక జింకలు నీకు సుట్టాలైనయా? చేన్ల ఒక్క సాలు మేసినా పుస్తకం పొయ్యిల పెడత" అన్నాడు మా నాయన.

నేనేం తక్కువ తిన్నానా! మంచె మీద కూర్చుని, అలికిడి వినపడగానే సత్తు పళ్ళెం మోగించి, గొంతు పగిలేలా కేకలేసి తరిమేదాన్ని. అవి అడవిలోకి మళ్ళాక మళ్ళీ పుస్తకం తెరిచేదాన్ని. ప్రేమ ఉంటే తరమకూడదని ఎవరన్నారు? మా అమ్మ మమ్మల్ని రోజూ తరిమేది.

అప్పట్లో మా వైపు చేలకు కంచె అంటే పాత చీరలే. చిరిగిన చీరలన్నీ కర్రలకు వరుసగా కట్టేవాళ్ళం, గాలికి రెపరెపలాడితే మనుషులున్నారని జంతువులు జడుసుకునేవి. ఒక తెల్లవారుజామున నాయనమ్మ పాత చీరలో ఒక జింకపిల్ల చిక్కుకుంది. పేలిక కాలికి మెలిపడి, లాగినకొద్దీ బిగుసుకుంటోంది. తల్లి దూరంగా చెట్ల మధ్య నిలబడి చూస్తోంది. పెదనాయన కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఒకదాన్ని చంపి వేలాడదీస్తే మిగతావి రావని ఆయన నమ్మకం. నేను అడ్డంగా నిలబడ్డాను. ఆ రోజుల్లో పెద్దవాళ్ళకు ఎదురు నిలవడమంటే ఏమిటో మీకు తెలుసు కదా.

"జరుగు పక్కకు" అన్నాడు.

"జరగ పెదనాయినా. చేన్ల ఒక్క మొక్క మేసిందేమో సూడు. మేస్తే నన్ను కొట్టు."

మా నాయన సాళ్ళ వెంట నడిచి చూసొచ్చాడు. ఎక్కడా మేయలేదు, నేను మేయనివ్వలేదు. ఆయనే కింద కూర్చుని పేలిక విప్పాడు. పిల్ల ఒక్క దూకు దూకి తల్లిని చేరింది. పంట ఇంటికొచ్చేదాకా పెదనాయన నాతో మాట్లాడలేదు, నేనూ బతిమాలలేదు.

ఇప్పుడు ఆ చీరలు లేవు, మంచెలూ లేవు. మంచెలెక్కే పిల్లలు బడికి పోతున్నారు, మంచిదే. రాత్రంతా కాపు కాసే రైతు కష్టం నాకు తెలియనిదీ కాదు. కానీ చీరలో చిక్కిన దాన్ని విప్పి వదిలేశాం. తీగకు తగిలిన దాన్ని తెల్లారి పూడ్చిపెట్టడం తప్ప ఏం చేస్తాం? అది జింకే కానక్కర్లేదు, చీకట్లో చేలోకి పోయిన మా తమ్ముడే కావచ్చు. వాడికి ఇదే చెప్పాను. నా వాటాలో తీగ పడదు. కావాలంటే మంచె వేయించు, నేనెక్కుతానన్నాను. గొంతు మునుపటిలా లేదు. జింకలను తరమడానికి ఇది చాలు.