పెద్ద కిరాణిగారి చేదు బీరు

మలయాలోని మా కొబ్బరి తోటలో పెద్ద కిరాణిగా, అంటే హెడ్ గుమస్తాగా పనిచేసినాయన పోయారని, మొన్న మంగళవారం హుటాన్ మెలింటాంగ్ ఊరి బస్సు దిగి వచ్చి వాళ్లమ్మాయి చెప్పింది. నేను ఆ తోట బడిలో పంతులుగా ఉన్నన్నాళ్లూ మావి పక్కపక్క ఇళ్లు. నేను జైలుకు పోకుండా మిగిలానంటే ఆయన చలవే.

మలయాలో బ్రిటిషువాళ్లు విధించిన ఎమర్జెన్సీ రోజులవి. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలకు భయపడి మా తోట తెల్లదొర క్లబ్బుకు వెళ్లడం మానేశాడు. తన దేశపు చేదు బీరు పేల్ ఏల్ మీద బెంగపెట్టుకున్నాడు. వాళ్లమ్మ ఓడలో మాల్టు పాకం, బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఎండిన హాప్స్ పువ్వులు, కాచే పద్ధతి రాసిన ఉత్తరం పంపింది. ఆ పని కిరాణిగారి మీద పడింది. పువ్వులు గుప్పెట్లో నలిపి నా ముక్కు దగ్గర పెట్టేవారు.

"నారింజ తొక్క వాసన రాదేటి మేస్టారూ?"

వాసన నిలవాలని, పులిసిన బీరులో మరో గుప్పెడు వేసేవారు.

చల్లగా ఉంటుందని సీసాలు మా బడి వెనక గదిలో పెట్టారు. అయితే పులియడం పూర్తికాకుండానే బిరడాలు బిగించేశారు. ఒక మధ్యాహ్నం ఎక్కాలు చెప్పిస్తుంటే సీసాలు వరసగా ఢామ్మని పేలాయి. పిల్లలు బల్లల కింద దూరారు. కాల్పులనుకుని కానిస్టేబుళ్లు తుపాకులతో వచ్చి నన్ను గోడకు నిలబెట్టారు.

"సియాపా పున్యా? ఎవరివివి? అడవిలోకి పంపడానికేనా?" అన్నాడు సార్జెంటు.

దొర వచ్చి, తనకేమీ తెలియదన్నాడు.

అంతలో కిరాణిగారు రెండు చేతులూ పైకెత్తి తుపాకుల మధ్యకు నడిచి వచ్చారు. "మేస్టారికేటీ తెలీదు. నానే కాసినాను, నానే పెట్టినాను." దొర ఊసెత్తలేదు.

రెండు రోజులు స్టేషన్లో ఉంచి వదిలారు. దొర ఆయన్ని ఆఫీసు నుంచి తీసేసి కొబ్బరి ఎండబెట్టే పొయ్యి దగ్గరకు మార్చాడు. నేను వెళ్లి కన్నీళ్లు పెట్టుకుంటే, "ఊరుకోండి మేస్టారూ. తొందరపడి బిరడా ఎట్టింది నానే కదా," అన్నారు.

మెర్డెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి ముందు, స్వదేశం వెళ్లిపోతూ దొర ఆ పొయ్యి దగ్గరకు నడిచి వచ్చాడు. ఒక హాప్స్ డబ్బా ఆయన చేతికిచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు.

"కూకోండి దొరా," అంటూ కిరాణిగారు తన పీట జరిపారు.

ఆ పువ్వులతో మెర్డెకా రోజుకని మళ్లీ కాచారు. ఈసారి ఓపిగ్గా ఆగారు. కల్లు అలవాటైన కూలీలు మొదటి గుక్కకే మొహాలు చిట్లించారు.

"ఇదేటి కిరాణిబాబూ, కాకరకాయ రసమా?"

"సేదే దీని రుసి. రెండో గుక్క తాగి సెప్పండి."

రెండో గుక్కకు గ్లాసులు మళ్లీ ముందుకొచ్చాయి. ఇప్పటికీ నా కళ్ల ముందు, నురగకు తడిసిన పంచెతో, చేతిలో కూజాతో, ఆ మధ్యాహ్నపు ఎండలో ఆయన కూలీల ఇళ్ల వరస వెంట ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతూ వెళ్తున్నారు. వెనకే కాగితం జెండాలు ఊపుకుంటూ పిల్లలు.