వినబడే పిల్ల

వీధిలో బట్టలు ఇస్త్రీ చేసి బతికే ఇస్త్రీ అత్త నోటికి అందరూ జడుస్తారు. అలాంటి మనిషి ఆడబిడ్డ ముందు మాత్రం పిల్లి అయిపోయేది. అత్త ఒక్కగానొక్క కొడుకు పుట్టుచెవిటివాడు. "కడుపుతో ఉన్నప్పుడు మా తమ్ముడి మీద అరిచావు కదే, అందుకే వాడు చెవులు మూసుకుని పుట్టాడు" అని ఆడబిడ్డ నలుగురిలో అనేది. నిజమేనేమోనని అత్త కూడా లోలోపల కుమిలిపోయేది.

కొడుకు వడ్రంగి పనిలో కుదురుకున్నాడు. తనలాగే పుట్టుచెవిటిదైన ఒక దర్జీ పిల్లని ఇష్టపడి చేసుకున్నాడు. ఇద్దరూ చేతులతోనే కబుర్లాడుకునేవాళ్ళు. అత్త కూడా ఆ భాష నేర్చి, చేతులతోనే తిట్టేది.

వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో ఓ రోజు వంటింట్లో అత్త చేతిలోంచి మూత జారి ఖంగుమంది. ఉయ్యాల్లో పిల్ల ఉలిక్కిపడి కెవ్వుమంది. అత్త కొయ్యబారిపోయింది. తేరుకుని, మూత ఎత్తి కావాలనే మళ్ళీ పడేసింది. పిల్ల మళ్ళీ కెవ్వుమంది. పిల్లని ఎత్తుకుని, ఏడుస్తూ నవ్వుతూ వీధిలోకి పరుగెత్తింది అత్త.

ఆ సంబరం మూన్నాళ్ళ ముచ్చటే అయింది. ఆడబిడ్డ వచ్చి, పిల్ల చెవి దగ్గర తాళాలగుత్తి ఆడించి చూసి, పెదవి విరిచింది.

"ఇద్దరు చెవిటివాళ్ళకి వినబడే పిల్ల ఎలా పుడుతుందే? మీ కోడలు కుట్టే దుకాణంలో మగాళ్ళు కూడా ఉంటారుగా!"

అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నోరు కడుక్కుని రా వదినా!" అని వాకిలి చూపించింది. కానీ ఆ మాట అప్పటికే గడప దాటేసింది. నాలుగు రోజులకి కొడుకు పిల్లని ఎత్తుకోవడం మానేశాడు. ఏమైందిరా అంటే, "దాని ముక్కు ఎవరిది?" అని చేతులతో అడిగాడు. అత్త ఆ చేతిమీద ఫెడీమని కొట్టింది. చేతుల భాషలో గుసగుసలుండవు. గుమ్మంలో నిలబడిన కోడలు అంతా చూసింది.

మర్నాడు కోడలే అందర్నీ చెవుల ఆసుపత్రికి బయల్దేరదీసింది. రక్తపరీక్షలు చేసి, కొన్నాళ్ళకి డాక్టరమ్మ పిలిచి చెప్పింది.

"వినబడాలంటే చాలా జన్యువులు సరిగ్గా పనిచేయాలమ్మా. ఒక్కోదానికీ రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. వీళ్ళకొచ్చిన చెవుడు రెండు ప్రతులూ చెడితేనే వస్తుంది. మీ అబ్బాయిలో చెడిన జన్యువు వేరు, కోడలిలో చెడినది వేరు. ఆయన దగ్గర లేని మంచి ప్రతి ఆమె ఇచ్చింది, ఆమె దగ్గర లేనిది ఆయన ఇచ్చాడు. పాప రక్తంలో ఇద్దరి చెడ్డ ప్రతులూ ఒక్కొక్కటి కనబడ్డాయి. పాపకి వినబడకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని."

అత్త అదంతా చేతులతో వాళ్ళిద్దరికీ చెప్పి, గొంతు తగ్గించి అడిగింది. "మరి మావాడికి? నేను అరవడం వల్ల కాదా?"

"అరుపులకి జన్యువులు చెడవు. మీలో ఒక చెడ్డ ప్రతి, మీ ఆయనలో ఒకటి దాగున్నాయి. ఒక్కొక్కటే కాబట్టి మీకేం కాలేదు. రెండూ మీవాడికి చేరాయి, అంతే."

అత్త ఇంటికి పోలేదు. తిన్నగా ఆడబిడ్డ వాకిట్లో నిలబడింది.

"సగం మీ పుట్టింటి సరుకే వదినా! ఇన్నేళ్ళూ మొత్తం నా నెత్తిన రుద్దావు. చాలక నా కోడలి మీద పడ్డావు!"

"ఏదో నోరు జారింది లేవే."

"జారడానికి అదేమన్నా పట్టుచీరా? నీ మాటకి ఓ కాపురం కూలబోయింది!"

ఆడబిడ్డ తలుపేసుకుంది. తప్పయిందన్న మాట ఆ ఇంట్లోంచి ఏనాడూ రాలేదు.

ఆ సాయంత్రం కొడుకు భార్య ముందు కూర్చుని, తప్పయిందని చేతులతో పదేపదే చెప్పాడు. ఆమె కుట్టుమిషను ఆపి అతని కళ్ళలోకి చూసింది.

"ఆ డాక్టరమ్మ చెప్పకపోయుంటే?" అని అడిగింది.

కోడలు పిల్లని తెచ్చి అతని ఒళ్ళో పడుకోబెట్టింది. తను మాత్రం చాలా రోజుల దాకా అతనితో చేయి కదపలేదు.