చేపలబండి దగ్గర యువరాణి

1997 నవంబరు 4, మంగళవారం, ఉదయం తొమ్మిదింబావు. ఇంగ్లండులోని నార్ఫోక్ తీరాన సన్నని తుంపర పడుతున్నది. మార్ష్‌వెల్ గ్రామానికి వారానికొకసారి వచ్చే చేపలబండి ముందు పదకొండుమంది వరుసకట్టి ఉండగా యువరాణి హెన్రియెట్టా వచ్చింది. అరవైయెనిమిదేండ్ల మనిషి. నలభైయేండ్లు ఆసుపత్రులకు, వంతెనలకు రిబ్బన్లు కత్తిరించి, ఆ వేసవిలోనే రాచకార్యాలనుండి తప్పుకొని, పత్రికలవాళ్ల కంటబడకుండా ఈ ఊళ్లో ఇల్లు తీసుకున్నది. ఇరుగుపొరుగుల్లో ఒకతెగా బతకాలన్నదే ఆమె కోరిక. కాని ఆమె కనబడితే చాలు, ఊరంతా పక్కకు తొలగి దారి ఇచ్చేది. కరచాలనానికి కుడిచేయి ఖాళీగా ఉండాలని సంచిని ఎడమచేతికే తగిలించుకొనే అలవాటు ఆమెకింకా పోలేదు. బారులు తీరిన మనుషులను చూడగానే ఆ కుడిచేయి తనంతట తానే ముందుకు సాగింది. "చాలా దూరంనుంచి వచ్చారా?" అని ఒక్కొక్కరినే పలకరిస్తూ, చివరినుండి మొదటిదాకా నడిచి, తిన్నగా తక్కెడ ముందు తేలింది.

"ఎదురింట్లోంచే వచ్చాను తల్లీ," అన్నది అందరికంటె ముందు నిలిచిన ముసలామె డోరిస్ పెగ్. "పలకరించుకుంటూ వచ్చి నా ముందే నిలబడ్డావే, గడుసుదానివే! వెనక్కి నడువు, వరుస చివర అక్కడుంది."

బండివాడు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్లే ఉండిపోయాడు. యువరాణి ముఖం చెవులదాకా ఎర్రబడింది. "తప్పయిపోయిందండీ," అని వెనుకకు వెళ్లి పన్నెండవ మనిషిగా నిలిచింది. ఆమె వంతు వచ్చేసరికి చేపలు అయిపోయాయి. ఎవరూ తమవి ఇవ్వజూపలేదు. ఆమె ఈలవేసుకుంటూ ఉత్తచేతులతో ఇంటికి పోయింది.

ఆపై తొమ్మిదేండ్లు, మరణించేదాకా, ప్రతి మంగళవారం ఆమె ఆ వరుస చివరనే వచ్చి నిలిచింది. సంచి కుడిచేతికి ఉండేది.