పద్దెనిమిదో ప్రశ్న

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, జూన్ నెల. ఆ ఉదయం నరసరావుపేటలో మా ఇంటి వసారాలో ఉన్నవాళ్లు నలుగురు: మా అమ్మ, ఎడ్లపాడు నుంచి వచ్చిన మా బావ, ఆయన కొడుకు అంటే నా మేనల్లుడు, నేను. ఉన్న వస్తువులు: మా మేనల్లుడి ఎస్సెస్సెల్సీ మార్కుల పుస్తకం, గుంటూరు కాలేజీవాళ్లు ఇంటర్వ్యూకి రమ్మని పంపిన కార్డు, వాడు మొట్టమొదటిసారి తొడుక్కోబోయే పంట్లాం, నేను రాసిన ప్రశ్నల నోటుబుక్కు, వాడు ముట్టని చద్దన్నం.

వాడికి పదహారేళ్లు. ఇంటర్మీడియట్‌లో లెక్కల గ్రూపు కావాలి. మార్కులు చూస్తే సీటు రావచ్చు, రాకనూపోవచ్చు. మూడు రోజులుగా నిద్ర లేదు. వాడికి ధైర్యం చెప్పే పనిని పెద్దవాళ్లం ముగ్గురం పంచుకున్నాం.

"ఏందిరా ఆ మొకం? సీటు రాకపోతే ఏమైద్ది? జొన్నచేనుందిగా, రేపే అరక కట్టొచ్చు," అన్నాడు బావ. ఓదార్పుగానే అన్నాడు.

"చానామంది పిల్లలొస్తారంటగా, అందరికీ సీట్లు యాడ సరిపోతయ్?" అంది అమ్మ. "లేకపోతే కింద కూచుంటాడు. చాప ఇచ్చి పంపితే సరి."

నా పద్ధతి శాస్త్రీయమైనది. అప్పుడే మద్రాసులో ఓవర్సీరు చదువు ముగించుకొని వచ్చాను. భయానికి మూలం తెలియని ప్రశ్న. తెలియని ప్రశ్నే లేకుండా చేస్తే భయం ఉండదు. అడగడానికి వీలున్న ప్రశ్నలు అరవై నాలుగని తేల్చి, ఇంగ్లీషులో జవాబులు రాసి, వరుస నంబర్లు వేసి, వాడిచేత కంఠతా పట్టించాను. నేను నంబరు చెబితే వాడు జవాబు చెప్పాలి. ఒకటి తప్పితే మళ్లీ మొదటి నుంచి.

"మావయ్యా, అరవై ఐదోది అడిగితే?" అన్నాడు వాడు ముందురోజు పొద్దున.

"అట్లాంటిది లేదు," అన్నాను.

వాడు అన్నం మానేసింది ఆ పూట నుంచే. రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

గుంటూరుకు వాడూ నేనూ వెళ్లాం. ప్రిన్సిపాల్ గది గుమ్మానికి తెర మాత్రమే ఉంది కనుక, బయట బెంచీ మీద కూర్చున్న నాకు అంతా వినబడింది.

"లెక్కలే ఎందుకు కావాలోయ్?" అని ప్రిన్సిపాల్ తెలుగులో అడిగారు.

బయట నేను "పద్దెనిమిది, పద్దెనిమిది" అని గొణుక్కుంటున్నాను.

"అది పద్దెనిమిదోదండి," అన్నాడు వాడు చివరికి. "ముందు నా పేరు అడగాలండి."

"ఓహో. తర్వాత?"

"మా ఊరండి. మూడోది మా నాన్న ఏం చేస్తాడనండి. మొత్తం అరవై నాలుగండి. మా మావయ్య రాశాడు. బయటున్నాడండి."

లోపల ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా నవ్వారు.

"సరే, మీ మావయ్యను బయటే ఉండనీ. ఇదిగో సుద్దముక్క. ఈ లెక్క చెయ్యి."

నల్లబల్ల మీద సుద్దముక్క ఆగకుండా గీస్తున్న చప్పుడు. మధ్యలో వాడి గొంతు: "ఇట్లా కాదండి, ఇంకో దారిలో చేస్తే తొందరగా వస్తది." అది నేను రాసిన వాక్యం కాదు.

కాసేపటికి నన్ను పిలిచారు. నా పద్ధతిని వివరించడానికి సిద్ధపడి లోపలికి వెళ్లాను.

"మీరేనా మావయ్య? కుర్రాడికి సీటిచ్చాం," అన్నారు ప్రిన్సిపాల్. నా చేతుల వంక చూసి, "మీరు కాసిని మంచినీళ్లు తాగండి. వణుకుతున్నారు," అన్నారు.

తిరుగు రైల్లో వాడు కిటికీకి తల ఆనించీ ఆనించకముందే నిద్రపోయాడు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో వరుసగా అడిగి రాసుకుందామనుకున్నాను, లేపబుద్ధి కాలేదు. నరసరావుపేట వచ్చేలోపు వాడు నిద్రలో దాటిన స్టేషన్లు ఐదు.