మేడం బొటనవేలు

మా ప్రొఫెసర్ మేడం పరిశోధనంతా ఒకే ప్రశ్న చుట్టూ సాగింది: తనంతట తాను దిగే విమానం మీద నుంచి మనిషి ఎప్పుడు చెయ్యి తీసెయ్యొచ్చు? మొదట గ్లైడర్లు, తర్వాత హెలికాప్టర్ నమూనాలు, చివరికి డ్రోన్లు. ఏది ఎగిరినా రిమోట్ మీది ఎర్ర స్విచ్చిపై ఆమె బొటనవేలు ఉండేది. అది నొక్కితే అదుపు మళ్ళీ మనిషికొస్తుంది. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా వేలు తీసేసి దింపాలని ఆమె కోరిక.

అందుకు తన సొంత ఊరు ఎమ్మిగనూరునే ఎంచుకుంది. నాది ఆదోని, అప్పుడు ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. ఊరి చివర బీడులో డ్రోన్‌ను ఎగరేసి, బ్యాటరీ అయిపోయిందని దానికి అబద్ధం చెప్పాం. దిగే చోటు అదే వెతుక్కోవాలి. మేడం రిమోట్‌ను బల్ల మీద పెట్టేసింది.

డ్రోన్ బీడును వదిలి పక్క వీధి వైపు తిరిగింది. తెర మీద పచ్చ గుర్తు వెలిగింది: చదును, పొడవు, అడ్డంకులు లేవు. నాకు సంతోషమేసింది. మేడం మాత్రం "అది పడుగప్పా!" అని అరిచి, రిమోట్ లాక్కొని స్విచ్ నొక్కింది.

మగ్గానికెక్కించే ముందు వీధి పొడవునా చాచి, గంజి పెట్టి ఆరేసిన నూలు అది. పైనుంచి చూస్తే తెల్లటి రన్‌వేలా ఉంది. డ్రోన్ దిగివుంటే పోగులన్నీ తెగిపోయేవి. ఆ నేతగాడు మేడంకు తమ్ముడి వరస. నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏమక్కా, ఇంత బీడుండగా నీ గద్దకు మా పడుగే కావాల్సొచ్చిందా? ఎవురు నేర్పినారో గానీ!"

"నేనేలేప్పా. చదునుగా ఉంటే దిగమన్నా. ఈ వీధిలోనే పుట్టి, పడుగు సంగతి సెప్పేది మర్సిపోయినా."

"అయితే మొట్టికాయ నీకే పడాల."

సాయంత్రం టీ తాగుతూ, మన వైపు జనం నేల మీద పరిచేవన్నీ చెప్పమని మేడం నన్ను అడిగింది. ఎండుమిరప, వేరుశనగ, పత్తి, జొన్నలు. పండగ నమాజుకు ఈద్గాలో పరిచే చాపలు, అన్నాను నేను. ఆమె కప్పు కింద పెట్టి, అదీ రాసుకుంది.

అవన్నీ నేర్పించాక మళ్ళీ వచ్చాం. ఈసారి డ్రోన్ పడుగు మీద ఒక్క క్షణం ఆగి, దాటిపోయి బీడులో దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం బొటనవేలు స్విచ్ మీదే ఉంది.

"తానే దిగింది కదా మేడం, ఇంక తియ్యొచ్చు."

"నువ్వు సెప్పకపోయింటే ఆ చాపలు నాకు తోచేవా? ఇంకెవరి వాకిట్లో ఏం ఆరేసినారో అడగాల గదప్పా."

రిటైరైన రోజు ఆ రిమోట్ నాకిచ్చింది. మొన్న కౌతాళంలో డ్రోన్ పెట్టె తెరవకముందే వీధులన్నీ తిరిగి, వాకిళ్ళలో కూర్చున్నవాళ్ళను అడిగొచ్చాను. ఎగరేసినప్పుడు నా వేలు స్విచ్ మీదే ఉంది.