నిన్నటి ట్రాన్స్‌ఫార్మర్

ముందుగాల్నే ఒప్పుకుంటున్న: నేను గోరంత చూస్తే కొండంత చెప్పెటోన్ని. మా ఇంట్ల నా మాటను సగానికి కోసి, ఆ సగంల మళ్ల సగం నమ్ముతరు. మీరు గూడ గట్లనే చదువుండ్రి.

బోరు మోటర్లు బాగుచేసుడు నా పని. యాసంగి వరి పొట్టకొచ్చిందంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి, యాడ మోటరు మూలిగినా నా ఫోనే మోగుతది. ఆ యాసంగి నిద్ర మొఖం చూడలే. కండ్లు ఎంత ఎర్రగైనయంటే, మానుకోట మార్కెట్ల నిలబడితే వ్యాపారి మిర్చి అనుకొని ధర కట్టిండు. ఇంటామె "జర పండుకోరాదయ్యా" అంటే, "మగోడు పగటిపూట పండుకుంటే నలుగురు నవ్వుతరే" అని బండి కిక్కు కొట్టిన.

చిట్యాల దిక్కు ఒక పొలం. రైతు ఊర్ల లేడు, వాళ్లమ్మ గట్టు మీద కూసున్నది. కరెంటు పోయి ఉన్నది. ఆ మోటరుకు ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు వచ్చుడే ఆలస్యం, ఎవలు ముట్టకున్నా దానంతటదే నడుస్తది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ కాడ బందు చేసినంకనే వైర్లు ముట్టాలె. నేను బందు చేసిన. చేసింది కండ్లముందర కనబడుతనే ఉన్నది. స్టార్టర్ డబ్బా మూత ఇప్పి చెయ్యి పెట్టబోయిన.

"కొడుకా, కరెంటు బందు చెయ్యవా?"

"చేసిన అవ్వా."

"ఎప్పుడు జేసినవ్? వచ్చిన కాన్నుంచి గీడనే ఉన్నవు గదా!"

చెయ్యి గాలిలనే ఆగింది. నాకు యాదికొస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ పక్కన తుమ్మచెట్టున్నది. ఈడ తుమ్మచెట్టు లేదు. అది దేవరుప్పుల ఊరిది. నిన్నటిది.

అంతల్నే డబ్బా ఠప్పుమన్నది. మోటరు గుర్రుమని లేచింది. నేను బురదల కూలబడ్డ. నా గుండె చప్పుడుకు చిల్పూరు గుట్ట మీది కోతులు గూడ ఉలికిపడి ఉంటయి. అయినా మగోన్ని గద, పకపక నవ్విన.

అవ్వ మంచం వాల్చి, "పండుకో. మోటరు యాడికి పోదు" అన్నది.

ఇప్పుడు పగలు గూడ పండుకుంట. నవ్వెటోల్లు నవ్వుతనే ఉన్నరు. అన్నలారా, నిద్ర చాలనోడు పని మరిచిపోతడనుకునేరు. మరిచిపోతే నయమే. చెయ్యని పనిని చేసినట్టు యాది పెట్టుకుంటడు. నాకు భయం అదే. గిప్పటికీ వైరు ముట్టేముందు మళ్ల పోయి చూసొస్త, దారి పొడుగునా నా కండ్లను నేనే నమ్మక.

ఇగ కల్పించింది చెప్త. మిర్చి వ్యాపారి, కోతులు జర పెంచినయి, గంతే. మొత్తానికే అబద్ధం మాత్రం ఆ నవ్వు. నవ్వలే. డబ్బాల పెట్టబోయిన ఆ చేతిని ఇంకో చేత్తోని గట్టిగ పట్టుకొని, అవ్వ కాళ్ల కాడ పొద్దుగూకేదాక ఏడ్చిన.